నా దుప్పులు పలక మీద అతికించినట్టు ఎందుకున్నాయి?

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా ఆత్మకూరు. హైస్కూల్లో సైన్సు చెప్తాను. నల్లమలను చూస్తూ పెరిగినవాణ్ణి. కొంతకాలంగా సెలవు రోజుల్లో చెక్క మీద బొమ్మలు చెక్కుతున్నాను. ఇప్పుడు 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు, అంగుళం మందం ఉన్న టేకు పలక మీద ఒక అడవి దృశ్యం చేస్తున్నాను. వాగులో నీళ్లు తాగుతున్న ఐదు చుక్కల దుప్పులు, పక్కనే పెద్దపులి, వెనకాల చెట్టు, కొండ. ఫొటోలు ముందు పెట్టుకుని ఒక్కో వెంట్రుకా చెక్కాను, పులి చారలన్నీ చెక్కాను. అయినా జంతువులన్నీ అట్టతో కత్తిరించి పలక మీద అతికించినట్టున్నాయి. కాళ్ల దగ్గర చెక్క పెచ్చులుగా లేస్తోంది. మగదుప్పి కొమ్ము ఒకటి విరిగింది. ఇంట్లోవాళ్లు మెషీన్ కొనుక్కోమంటున్నారు, లేదంటే సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే చెక్కుడు మెషీన్) వాళ్లకి ఇచ్చెయ్యమంటున్నారు. తప్పు చెక్కదా, ఉలిదా, నా చేతిదా? ఈ పలకను కాపాడుకునే దారి ఉందా? ఫొటోలు పంపుతున్నాను.

సమాధానం:

మాస్టారూ, పలకను కాపాడుకోవచ్చు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. తప్పు చెక్కదీ కాదు, మీ చేతిదీ కాదు. ఉలికి కొంచెం వాటా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. అసలు చిక్కంతా పని చేసిన వరసలో ఉంది. మీరు చర్మం ముందు చెక్కి, ఒళ్లు తర్వాత చూద్దామనుకున్నారు.

మీ ఫొటోల్లో పలకను పక్క నుంచి తీసినది ఒకటుంది చూడండి, నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. అందులో ఐదు దుప్పుల వీపులూ, పులి వీపూ, చెట్టు మానూ అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. చుట్టూ నేల మాత్రం 8 మిల్లీమీటర్ల దాకా సమంగా దిగిపోయింది. బొమ్మల అంచులన్నీ గోడల్లా నిట్టనిలువుగా ఉన్నాయి. దగ్గరగా ఉన్న కాలూ, అవతలి వైపు కాలూ ఒకే మట్టంలో ఉన్నాయి. అన్ని అంచులూ ఒకే ఎత్తులో, ఒకే తీరుగా తెగితే అన్నిటికీ ఒకే వెడల్పు నీడ వస్తుంది. అలాంటి నీడ చూడగానే కన్ను దాన్ని అట్టముక్క కిందే లెక్కేస్తుంది. దాని మీద ఎన్ని వెంట్రుకలు గీసినా ఆ లెక్క మారదు.

రిలీఫ్ పనిలో, అంటే పలక మీద ఉబ్బుగా బొమ్మ తేల్చే పనిలో, మన దగ్గర రంగు లేదు. ఉన్నదల్లా వెలుగూ నీడా. ఒంటి గుండ్రదనం, ముందు వెనకలు, దూరం, అన్నీ నీడతోనే చెప్పాలి. అందుకని ఇక్కడ మొదటి పని లోతుల లెక్క వేసుకోవడం. మీ పలకకే ఆ లెక్క వేసి చూపిస్తాను.

మందం 25 మిల్లీమీటర్లు. వెనక కనీసం 10, 11 మిల్లీమీటర్లు గట్టిగా మిగలాలి, లేకపోతే పలక వంగుతుంది. అంటే మీరు వాడుకోగలిగింది 14. ఇప్పటికి 8 దిగారు, ఇంకా 6 చేతిలో ఉంది. ఈ 14ని సమాన భాగాలుగా పంచకండి. ముందున్నవాటికి ఎక్కువ, వెనక్కి వెళ్లేకొద్దీ తక్కువ ఇవ్వాలి. ముందు నిలబడ్డ మగదుప్పికి పై మట్టం నుంచి 6 మిల్లీమీటర్ల దాకా ఇచ్చెయ్యండి. దాని భుజం, కడుపు ఉబ్బు పై మట్టానికి తగులుతాయి, వీపు అంచు మూడు నాలుగు మిల్లీమీటర్లు కిందికి గుండ్రంగా దిగుతుంది, అవతలి వైపు కాళ్లు ఆరో మిల్లీమీటరు దగ్గర ఉంటాయి. దాని వెనక ఉన్న రెండు ఆడదుప్పులు 4 నుంచి 8 దాకా. ఆ వెనక రెండూ 7 నుంచి 10 దాకా. చెట్టూ, పులీ 9 నుంచి 12 మధ్యలో. కొండ 13 దగ్గర, దానికి ఉబ్బు అక్కర్లేదు, అంచు తెలిస్తే చాలు. ఆకాశం 14.

ఈ అంకెలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం గమనించారా? పొరపాటున అలా రాయలేదు. ఒక వస్తువు ఇంకో వస్తువుకు అడ్డం వచ్చిన చోట మాత్రమే మెట్టు కావాలి. ముందు దుప్పి తొడ వెనక దుప్పి మెడకు అడ్డం వచ్చిన చోట రెండు మిల్లీమీటర్ల మెట్టు ఉంటే కన్ను తృప్తి పడుతుంది. అక్కణ్నుంచి నాలుగు వేళ్లు అవతలికి జరిగితే, వెనక దుప్పి భుజం ముందు దుప్పి అవతలి కాళ్ల కన్నా ఎత్తుగా ఉన్నా ఎవరికీ తెలియదు. ఈ వెసులుబాటు వాడుకోవడం తెలిస్తే 14 మిల్లీమీటర్లలో మొత్తం అడవి పడుతుంది. తెలియకపోతే రెండంగుళాల దిమ్మ తెచ్చుకున్నా చాలదు.

ఇది ఎంత తక్కువ లోతులో సాధ్యమో చూడాలంటే మన పాత శిల్పులను చూడాలి. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన అమరావతి ఫలకాల్లో నాళగిరి ఏనుగు కథ ఉన్న గుండ్రటి ఫలకం ఒకటుంది, ఇప్పుడు చెన్నైలో ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఒక పక్క మదమెక్కి మనుషులను తొక్కుతున్న ఏనుగు, మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. జనం హడలిపోయి ఒకరి మీద ఒకరు పడుతుంటారు, పైన కిటికీల్లోంచి చూసేవాళ్లు వేరే. అంత సందడీ చిన్న లోతులోనే ఇమిడింది. ఎవరి ముందు ఎవరున్నారో ఎక్కడా తడబడం. అడ్డం వచ్చిన ప్రతి చోటా ఒక చిన్న మెట్టు, మెట్టు పక్కన ఒక చిన్న నీడ, అంతే.

మీకైతే అంత దూరం పోవాల్సిన పని కూడా లేదు. దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లండి. మల్లన్న గుడి ప్రాకారం బయటి వైపు ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు వరసలు వరసలుగా చెక్కి ఉన్నాయి. చాలామంది దర్శనం హడావిడిలో పక్కనుంచి నడిచి వెళ్లిపోతారు. పొద్దున్నో సాయంత్రమో, గోడ మీద ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు వెళ్లి ఒక్క ఏనుగు ముందు పావుగంట నిలబడండి. చెవి ఎంత ఎత్తులో ఉంది, చెవి వెనక మెడ ఎంత దిగింది, అవతలి కాలు ఎంత లోపలుంది, ఇవే చూడండి. తర్వాత అదే ఏనుగును మిట్టమధ్యాహ్నం చూడండి. రాయి అదే, ఉబ్బూ అదే, కానీ సగం బొమ్మ మాయమైపోతుంది.

మీ పని దగ్గర కూడా ఇదే జరుగుతోంది. మీరు నెత్తిమీది ట్యూబ్‌లైటు కింద చెక్కుతున్నారని ఫొటోలే చెప్తున్నాయి. దాన్ని ఆపి, ఎడమ పక్క నుంచి, పలకకు కొంచెం పైగా ఒక్క టేబుల్ ల్యాంపు పెట్టుకోండి. పలకను గోడకు ఆనించి నిలబెట్టి, ఆ వెలుతురులో ఆరడుగుల దూరం నుంచి చూస్తూ ఉండండి. బొమ్మ చివరికి ఏ గోడకు వెళ్తుందో, అక్కడ కిటికీ ఏ పక్కన ఉందో తెలిస్తే ఆ పక్క నుంచే వెలుతురు పెట్టుకుని పని చేయడం ఇంకా మంచిది.

ఇంకొక మాట, చాలామంది దాటేసేది. ఉలి పట్టే ముందు బంకమట్టితో చిన్నగా ఒక నమూనా చేయండి. అరచేయంత చాలు, అందంగా ఉండక్కర్లేదు. మట్టిలో తప్పు చేస్తే బొటనవేలితో సరిదిద్దుకుంటాం, టేకులో అలా కుదరదు. స్కూల్లో పిల్లలు ఆడుకునే క్లే అయినా పనికొస్తుంది. దాని మీద టార్చిలైటు పక్కనుంచి వేస్తే ఏ దుప్పి ఏ దుప్పిలో కలిసిపోతోందో వెంటనే తెలిసిపోతుంది.

ఇక వెంట్రుకల సంగతి. దుప్పి ఒంటి మీద వెంట్రుకలు నాలుగడుగుల దూరం నుంచి మనకెవరికీ కనిపించవు. కనిపించేది కండ మీద వెలుగు. మీరు ఒళ్లు బల్లపరుపుగా ఉండగానే సన్నటి గీతలు నింపేశారు, దాంతో ఉన్న కాస్త వెలుగూ చెదిరిపోయింది. అవన్నీ తీసేయక తప్పదు. బాధగా ఉంటుందని తెలుసు, వాటి మీద ఎన్ని ఆదివారాలు పెట్టారో ఆ గీతలు చూస్తేనే అర్థమవుతోంది. కానీ ఒంటికి ఎలాగూ మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రదనం తేవాలి కాబట్టి ఆ గీతలు వాటంతట అవే పోతాయి. చివర్లో మగదుప్పి మెడ కింద, తోక అంచున, పొట్టకూ కాళ్లకూ మధ్య కొద్దిగా వేయండి. మిగతా ఒళ్లు ఉలి జాడలతోనే వదిలేయండి.

చుక్కలకూ, పులి చారలకూ ఇదే వర్తిస్తుంది. పులి చార అంటే రంగు, పల్లం కాదు. మీరు వి ఆకారపు ఉలితో చారలను రెండేసి మిల్లీమీటర్లు లోతుగా కోశారు. ఇప్పుడు ఆ నీడలు పులి పక్కటెముకల నీడ కన్నా గట్టిగా ఉన్నాయి, అందుకే పులి ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. ముందు పులిని చారల్లేకుండా పూర్తి చేయండి. అది పులేనని ఆ భుజం, ఆ మెడ, ఆ నడక చూసి తెలియాలి. తర్వాత చారలను చెక్క పైపొర గీరినట్టు తేలిగ్గా వేస్తే చాలు. చుక్కలకు సన్నటి వంపు ఉలితో ఒక్కో చిన్న రేకు లేపండి, అదీ ముందున్న మగదుప్పికి మాత్రమే. వెనకవాటికి వద్దు, దూరంలో చుక్కలు కనిపించవు.

జంతువు ఒళ్లు గురించి మీకు ఎక్కువ చెప్పక్కర్లేదు, సైన్సు మీ సబ్జెక్టు. కానీ బొమ్మలో మీ దుప్పుల వెనక కాళ్లు తప్పాయి. వెనక్కి వంగినట్టు కనిపించే ఆ కీలు మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన, పొట్ట దగ్గర చర్మంలో కలిసిపోయి ఉంటుంది. ముందు కాలిలో మనం మోకాలనుకునేది మణికట్టు. దుప్పి నిలబడేది వేళ్ల కొసల మీద, గిట్టల మీద. మీరు మడమను చాలా కిందికి దించేశారు, అందుకే దుప్పులు కూర్చోబోతున్నట్టున్నాయి. చెక్క ముట్టుకునే ముందు కాగితం మీద ఈ కాలి ఎముకలను ఒకసారి గీసుకోండి.

నీళ్లు తాగే దుప్పి విషయంలో ఇంకో చిన్న సంగతి ఉంది, చిన్నదే కానీ బొమ్మకు ప్రాణం పోస్తుంది. తల నేల దాకా దించినప్పుడు బరువంతా ముందు కాళ్ల మీదికి వస్తుంది, రెండు భుజాల ఎముకలూ వీపు గీత కన్నా పైకి పొడుచుకొస్తాయి. వాటి మధ్య మెడ మొదలు చిన్న పల్లంలా కనిపిస్తుంది. మీ బొమ్మలో మెడ వంగింది కానీ వీపు గీత నిలబడ్డ దుప్పిది. భుజం దగ్గర చిన్న గుట్ట లేపి, దాని వెనక నడుమును కొద్దిగా దించి చూడండి. వెంట్రుకలన్నీ కలిసి చేయలేనిది ఆ ఒక్క గుట్ట చేస్తుంది. మహాబలిపురంలో అర్జున తపస్సు అని పిలిచే పెద్ద బండ మీద ఒక జింక వెనక కాలెత్తి ముక్కు గోక్కుంటూ ఉంటుంది. దాన్ని చెక్కినవాడు జింకలను గంటల తరబడి చూసినవాడు. మీరు పక్కనే అడవి ఉన్న ఊళ్లో ఉండి ఇంటర్నెట్ ఫొటోలకు కట్టుబడిపోవడం నాకు నచ్చలేదు. సఫారీకి వెళ్తే కెమెరాతో పాటు చిన్న పుస్తకం, పెన్సిలు పట్టుకెళ్లండి. గీత బాగా రాకపోయినా కన్ను నేర్చుకుంటుంది.

దృశ్యం కూర్పు మీద కూడా ఒక మాట చెప్పనివ్వండి. ఐదు దుప్పులు తాపీగా నీళ్లు తాగుతుంటే వాటి పక్కనే, అంతే ఎత్తులో, అంతే సైజులో పులి నిలబడింది. అడవిలో అది జరగదని మీకు నాకన్నా బాగా తెలుసు. ఎలాగూ పులి 9 నుంచి 12 మధ్య లోతుకు దిగుతోంది కాబట్టి దాన్ని కొంచెం చిన్నది చేసి, సగం గడ్డిలో దాచేయండి. ఒక తల, భుజం గీత కనిపిస్తే చాలు. ఇటు ఐదింటిలో ఒక ఆడదుప్పిని తల ఎత్తించండి. చెవులు ముందుకు, తోక పైకి, ముందు కాలొకటి నేలను తన్నబోతూ. చుక్కల దుప్పి ప్రమాదం పసిగడితే అచ్చంగా అదే చేస్తుంది. పైన చెట్టు మీద ఒక కొండముచ్చు ఉంటే ఇంకా బాగుంటుంది, కొమ్మ మీంచి పులిని ముందు చూసి అరిచేది తరచూ అదే, దుప్పులు ఆ అరుపు విని జాగ్రత్తపడతాయి. మిగతా నాలుగింటినీ తాగనివ్వండి. ఒక్క తల లేవడం చాలు, చూసేవాళ్ల చూపు దాని వెంట గడ్డిలోకి పోయి పులిని వెతుక్కుంటుంది.

ఇప్పుడు చెక్క చీలడం గురించి. పోగు, అంటే గ్రెయిన్ (చెక్కలో నారలు సాగే దిశ), మీ పలకలో అడ్డంగా పోతోంది, కాళ్లు నిలువుగా ఉన్నాయి. కాబట్టి ప్రతి కాలూ పోగుకు అడ్డంగా తెగిన పొట్టి ముక్క. నిలువు గోడలా కోసి పక్క చెక్క తీసేస్తే దానికి ఆసరా పోతుంది, పెచ్చుగా లేస్తుంది. కాలి అంచులను నిట్టనిలువుగా కాకుండా పాదం దగ్గర వెడల్పయ్యేలా కొంచెం ఏటవాలుగా వదలండి. అంచు కింద తొలిచి నీడ తెప్పించే పని ఉంటే అన్నీ పూర్తయ్యాక, అదీ కాలికి ఒక పక్కనే చేయండి.

ఉలి నడిపే దిశ అంతకన్నా ముఖ్యం. ఉబ్బు మీద ఎప్పుడూ శిఖరం నుంచి రెండు పక్కలకూ కిందికి కోయాలి. పల్లంలో రెండు గట్ల నుంచి మధ్యలోకి దిగాలి. ఎదురు ఎక్కితే ఉలి పోగు కిందికి దూరి చెక్కను లేపేస్తుంది. దుప్పి పొట్ట లాంటి వంపు మీద ఒకే గీతలో పోతుంటే సగం దారిలో దిశ తిరగబడుతుంది, అక్కడ మీరూ తిరగాలి. ఎక్కడ తిరగాలో చెక్కే చెప్తుంది. సాఫీగా వస్తున్న చప్పుడు కరకరమంటుంది, రేకు చుట్టుకోవడం మానేసి పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు ఇంకో దెబ్బ కొట్టకండి, అవతలి వైపు నుంచి రండి. ఎటూ తేలకపోతే పోగుకు అడ్డంగా కోయండి. ఉలి పదునుగా ఉంటే అడ్డం కోత ఎప్పుడూ భద్రమే.

పదునుగా ఉంటే అన్నాను. మీ ఫొటోల్లో నేల మీద ప్రతి కోతలోనూ సన్నటి తెల్ల గీతలు కనిపిస్తున్నాయి. ఉలి అంచు ఎక్కడో చిన్నగా ఊడిందని దానర్థం. టేకులో సిలికా ఉంటుంది, అది ఏ ఉక్కునైనా త్వరగా మొద్దు చేస్తుంది. నున్నటి సానరాయి మీద, అంచు ఏటవాలు 25 డిగ్రీల దగ్గర ఉంచి పట్టండి. వంపు ఉలినైతే అటు మూల నుంచి ఇటు మూలకు దొర్లిస్తూ రుద్దాలి. లోపలి వైపు వేలితో తాకితే సన్నటి ఇనుప పొర గీరుకోవాలి, అంతవరకూ రుద్దండి. ఆ పొరను తోలు ముక్క మీద పాలిష్ పేస్టు రాసి వెనక్కి లాగుతూ తీసేయండి. పని మధ్యలో పావుగంటకోసారి తోలు మీద పది లాగుళ్లు లాగితే సానరాయి దాకా పోయే అవసరం చాలా తగ్గుతుంది. పరీక్ష తేలిక: మెత్తటి చెక్క ముక్కను పోగుకు అడ్డంగా కోయండి. కోసిన చోటు నిగనిగలాడితే పదును వచ్చినట్టు.

ఉలులు చాలా కొనాలనిపిస్తుంది. వద్దు. ఆరు చాలు. వీటి మీద నంబర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ వంపు లోతెక్కుతుంది. దాదాపు చదునుగా ఉండే 3 నంబరు ఒకటి, వెడల్పు 14 మిల్లీమీటర్ల దరిదాపుల్లో. 5 నంబరు ఒకటి, 8 మిల్లీమీటర్లది. నేల దించడానికి, ఒళ్లు మోటుగా తీర్చడానికి 7 నంబరు, 12 లేదా 14 మిల్లీమీటర్లది. సన్నటి కాలువ లాంటి 11 నంబరు, 3 మిల్లీమీటర్లది. 60 డిగ్రీల వి ఉలి. మూలలు శుభ్రం చేయడానికి ఒక చురుకైన కత్తి. వీటితో పాటు చేతికి బరువు సరిపోయే కొయ్య గూటం. ఊళ్లో మంచి కమ్మరి ఉంటే పాత ఆకురాయి ఇచ్చి చేయించుకోవచ్చు, ఆ ఉక్కు చాలా బాగుంటుంది. పనిలో పలకను ఒళ్లో పెట్టుకోకండి. బల్లకు క్లాంపులతో బిగించండి, లేదా చుట్టూ నాలుగు చెక్క పట్టీలు మేకులతో కొట్టి మధ్యలో ఇరికించండి. రెండు చేతులూ ఎప్పుడూ ఉలి అంచుకు వెనకే ఉండాలి.

విరిగిన కొమ్ము ముక్క దాచారా? దాచి ఉంటే ఫెవికాల్ రాసి, టేపుతో బిగించి ఒక రాత్రి వదిలేయండి. పోయి ఉంటే ఆ కొమ్మును మూడు మిల్లీమీటర్లు కిందికి దించి మళ్లీ చెక్కండి. తల కొంచెం అవతలికి తిరిగినట్టవుతుంది, అంతే. రిలీఫ్ పనిలో ఉన్న సుఖమే అది, కింద చెక్క మిగిలినంతసేపూ ఇంకో అవకాశం ఉంటుంది. చుక్కల దుప్పి కొమ్ముకు మామూలుగా మూడు మొనలుంటాయి. నుదుటి దగ్గర ముందుకొచ్చే మొదటి మొన అసలు కొమ్ముకు దాదాపు లంబకోణంలో లేస్తుంది. మీరు కణితి (సాంబార్) కొమ్మును చూసి గీసినట్టున్నారు, ఈసారి అదీ సరిచేయండి.

చెక్క విషయంలో, ఈ పలకకు టేకే ఉంచండి. తర్వాతి పనికి గుమ్మడి టేకు తెచ్చుకోమంటాను. తేలిక, పోగు సాఫీగా ఉంటుంది, ఉలికి చక్కగా లొంగుతుంది, రంగు లేతగా ఉంటుంది కాబట్టి నీడలు బాగా కనిపిస్తాయి. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి మరీ మెత్తన, రంగు వేసే బొమ్మకు బాగుంటుంది కానీ పదునైన అంచు నిలవదు. ఏటికొప్పాక వాళ్లు వాడే అంకుడు నున్నగా ఉంటుంది గానీ వెడల్పు పలకలు రావు. ఎర్రచందనం ఎవరైనా చవగ్గా ఇస్తామంటే అటు చూడకండి. లెక్కాపత్రం లేని దుంగ మన దగ్గర ఉంటేనే కేసు. పైగా అడవి మీద ప్రేమతో చేసే బొమ్మను శేషాచలంలో దొంగతనంగా నరికిన చెట్టు మీద చెక్కడం నా మనసుకు పట్టదు. ఏ చెక్కయినా డిపోలో బిల్లుతో కొనండి.

మెషీన్ మాట. నేల దించడానికి రౌటర్ (చెక్క తొలిచే కరెంటు మెషీన్) వాడుకుంటే నాకేం అభ్యంతరం లేదు, అది మోటు పని. కానీ తిరిగే బిట్‌తో ఒళ్లు తీర్చితే అంచులన్నీ మొద్దుబారి నూగు లేస్తుంది, దాన్ని ఉప్పు కాగితంతో రుద్దీ రుద్దీ ఉన్న ఆకారం పోగొట్టుకుంటారు. దుమ్ము కూడా మామూలుది కాదు. చెక్క దుమ్మును క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి వర్గంలో పెట్టారు, టేకు దుమ్ము చర్మానికీ ముక్కుకూ పడదు. మెషీన్ వాడినా, ఉప్పు కాగితం రుద్దినా మంచి మాస్కు పెట్టుకోండి. సీఎన్‌సీ వాళ్లకిస్తే సాయంత్రానికి పలక తయారవుతుంది. ఎవరో ఒకరు కంప్యూటర్లో చేసిన దుప్పి అది. మీ వాగు దగ్గర మీరు చూసిన దుప్పి దాని ఫైల్లో ఉండదు. మీరు చేతిపని ఎందుకు మొదలుపెట్టారో ఇంట్లోవాళ్లకు ఈ ఒక్క మాటా చెప్పండి.

పని పూర్తయ్యేదాకా ఉప్పు కాగితం ముట్టుకోకండి. దాని గరుకు రేణువులు చెక్కలో ఇరుక్కుని మళ్లీ ఉలి పెట్టినప్పుడు అంచును తినేస్తాయి. ఆకాశం, కొండ మీద ఉలి జాడలు అలాగే వదిలితే వెనకాల గాలి ఆడుతున్నట్టుంటుంది. మెరిసే వార్నిష్ వద్దు, ఆ తళుకు నీడలను చంపేస్తుంది. పెయింటు షాపులో దొరికే అవిసెనూనె పల్చగా రెండు పూతలు, ఆరాక తేనెమైనం పాలిష్ కొద్దిగా. నూనె వెనక వైపు కూడా రాయండి, ఒక వైపే రాస్తే తేమకు పలక వంకర పోతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరేసి, బిరుసెక్కాక పారేయండి.

ఇక వరస. ముందు మట్టి నమూనా. తర్వాత ఆకాశాన్ని 14కు దించండి. పులి, చెట్టు, వెనక దుప్పులు, వాటి తర్వాత ముందు దుప్పి అవతలి కాళ్లు, ఇలా వెనక నుంచి ముందుకు రండి. అన్నీ మోటుగా తమ తమ మట్టాలకు వచ్చేదాకా ఏ ఒక్కదాని కన్నూ, చెవీ చెక్కకండి. అందరికీ చెయ్యి ఆగనిది అక్కడే, ముఖం ముందు పూర్తి చేయాలనిపిస్తుంది. ముఖం చివర. ఐదు దుప్పుల పని మధ్యలో విసుగొస్తే, ఆరంగుళాల చదరం ముక్క మీద ఒకే ఒక్క దుప్పిని, తల ఎత్తినదాన్ని, 8 మిల్లీమీటర్ల లోతులో చేసి చూడండి.

మోటు పని అయ్యాక, వివరాలు మొదలుపెట్టక ముందే నాకు మళ్లీ ఫొటోలు పంపండి. ఫ్లాష్ ఆపేసి, ఎడమ నుంచి ఒక్క దీపం వెలుతురులో ఎదురుగా ఒకటి, అంచు నుంచి ఒకటి. ఈసారి స్కేలు పక్కన పెట్టి తీస్తే ఏ మట్టం ఎక్కడుందో కొలిచి చెప్పగలను.